లకుముకి గుర్తు

పదకొండు కిలోలు. దుబాయి నుంచి గోనెసంచిలో,
ఇత్తడి తుక్కు తూచినట్టు తూచి పంపారు.
మనామాలో, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందులో,
జాసిమ్ దుకాణం బల్ల మీద కుమ్మరిస్తే
బూడిదరంగు ఆట క్యాసెట్లు.
సగానికి చీటీలు ఊడాయి. కొన్నింట్లో చీమల గుడ్లు.

కోరుట్లలో రేడియోలు బాగుచేసినవాణ్ణి,
నాకు జపాను రాదు, ఆటలూ రావు.
వచ్చిందల్లా మర విప్పడం.

విప్పితే, పచ్చ పలక మూలన
కందిబద్దంత పిట్ట బొమ్మ.
పొడుగు ముక్కు, పొట్టి తోక. లకుముకి.
వరసగా ఐదున్నాయి.
ఇంకోటి విప్పాను: ఏడు.
మరోటి: నాలుగు.
ఆ పూట రిపేర్లు పక్కన పెట్టి పిట్టల్ని లెక్కపెట్టాను.

ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఇంజనీరు ఒకునో గారు
గడ్డం గీసే మిషను పట్టుకొచ్చి,
ఆట చివర జారే పేర్లు నిలబడే చదివిపెట్టాడు.
ఎనభై ఆరు: ఐదు పేర్లు, అడుగున ఒక వాక్యం,
"కింది ఎండుచేపల కొట్టాయనకి, అద్దె అడగనందుకు."
ఎనభై తొమ్మిది: ఏడు పేర్లు. బాగా అమ్ముడైనట్టుంది,
అద్దె ఊసే లేదు.
బొమ్మలు కాంజి, సంగీతం త్సుయుకో.
తొంభై రెండు: నాలుగు పేర్లు.
ఎండుచేపల కొట్టు మళ్ళీ వచ్చింది.
"మిగతా ముగ్గురూ?" అన్నాను.
ఒకునో గారు మిషను ఆన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

సంచి అడుగున చీటీ లేనిదొకటి.
పలక మీద ఒకటే పిట్ట.

టీవీకి తగిలిస్తే సముద్రం.
పడవలో మొగుడు తాడు పట్టుకుంటాడు,
నడుముకి తాడుతో పెళ్ళాం ముత్యాలకి దూకుతుంది.
కుడిమూల బుడగలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఊపిరి లెక్క.
తేలినప్పుడల్లా సన్నటి ఈల,
త్సుయుకోదే అయుండాలి,
గోరంత చిప్పులోంచి పిండిన
మనిషి ఊపిరి.

జాసిమ్ టీ గ్లాసుతో వచ్చి నిలబడిపోయాడు.
వాళ్ళ తాత ముహర్రక్ నుంచి దూకినవాడే,
ముక్కుకి కొమ్ము బిగించి, కాలికి రాయి కట్టి.
జపానులో ఆల్చిప్పలకి పూస నాటి
ముత్యాలు పండించడం మొదలయ్యాక
ఆ పడవ వంటచెరకైంది.
జాసిమ్ ఈ మాట కోపంగా చెప్పడు,
పాత కరెంటు బిల్లు చూపించినట్టు చెప్తాడు.

క్యాసెట్టులో ఎవరో దాచుకున్న ఆట ఒకటుంది.
మూడక్షరాల పేరు.
దాన్ని కాపాడే బ్యాటరీ రెండు వోల్టులకి దిగింది.
పీకితే ఇప్పుడే పోతుంది,
పీకకపోతే ఏ బుధవారమో.

కొత్త బ్యాటరీకి రెండు తీగలు అతికి
పలక మీద ఆనించి జాసిమ్ చేతికిచ్చాను. "కదలకు."
తాడు పట్టేవాణ్ణి వీళ్ళు సైబ్ అంటారు,
కింద మనిషి ఉన్నంతసేపూ సైబ్ ముక్కు కూడా గోక్కోడట.
పాతదాని కాళ్ళు కాల్చి ఊడదీశాను.
ఏసీ కింద డబ్బాలో చుక్కలు పడుతున్నాయి.
పద్నాలుగు చుక్కలు.
సీసం ఆరింది. జాసిమ్ వేళ్ళు వదల్లేదు,
నేనే విప్పాను.

ఆన్ చేస్తే మూడక్షరాలూ ఉన్నచోటే ఉన్నాయి.

వచ్చే నెల బ్లేడు కోసం వచ్చిన ఒకునో గారు
తెర చూసి పగలబడి నవ్వాడు.
"పేరు కాదయ్యా ఇది.
చెరపొద్దు, అని."
తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

అద్దాల బీరువాలో పెట్టి
ఒకటిన్నర దినార్ అని చీటీ అంటించాను.
మర్నాటికి చీటీ లేదు.
రాత్రి షట్టరు సగం దించి,
మొదటి గడి ముట్టకుండా,
రెండో గడిలో కొత్త ఆట మొదలుపెట్టాడు జాసిమ్.
రెండు నిమిషాల్లో మునిగి చచ్చి
"తాడువాడు తప్పు వైపు నిలబడ్డాడు," అన్నాడు,
"గాలి ఎటుందో చూసుకోవద్దా?"
మళ్ళీ నొక్కాడు.